కాలువ నీళ్లూ, ఏడు ప్రకటనలూ

ఫోనులో వార్తకు అడ్డంపడే ప్రకటనలను తిట్టేవాళ్లకు కృతజ్ఞత లేదు! నా మాట వినండి, అవి మనకు దొరికిన వరాలు.

నేను చదివింది మూడో తరగతి. కూడబలుక్కుంటూ చదువుతాను. అయినా ఫోనుకు నేనంటే ఎంత ప్రేమో! సోమశిల కాలువకు నీళ్లెప్పుడు వదులుతారో చూద్దామని వార్త తెరిస్తే, ముందు మోకాళ్ల నొప్పుల నూనె చూపించింది. నా మోకాళ్ల సంగతి ఇంట్లో కోడలికే పట్టదు, దానికెలా తెలిసిందో!

రెండు వాక్యాలు కిందికి పోతే బోరు వేసే బండి. మా చేలో నీళ్లు లేవని కాలువ ఆఫీసుకు తెలియదు గానీ బోరు బండివాడికి తెలిసింది. ఇంతకంటే ఆత్మీయులుంటారా?

మూసేద్దామని మూలనున్న ఇంటూ గుర్తు నొక్కితే, ఎవరో అమ్మాయి ఫోను చేసి ఆత్మకూరులో ప్లాటు కొంటారా అని అడిగింది. అరగంట మాట్లాడాను. పిల్ల మంచిది, ఇంకా పెళ్లి కాలేదట.

ఇంత తంటా ఎందుకంటారా? అనంతసాగరం దగ్గర మాకున్న ఎకరా ముప్పావుకు నారు పోసి ఇరవై రోజులైంది. పక్కవాళ్ల బోరు నీళ్లు అడుక్కుని పెంచాను. ఇక నాటాలంటే కాలువ రావాలి.

మునుపు ఈ వార్తలు ఫోను తెరవగానే కనిపించే ఫీడ్‌లోనే నిండుగా వచ్చేవి, గుమ్మంలోకి వచ్చి పాలు పోసిపోయినట్టు. ఇప్పుడు రెండే వాక్యాలు, ఆ తర్వాత 'ఇంకా చదవండి'. అది నొక్కి సైటులోకి పోతేనే మిగతాది. ఆ సైటు నడిపేది మా చెల్లెలి మనవడు పెంచలప్రసాదే. ఆత్మకూరు బస్టాండు పక్కన వాడి ఆఫీసు. పోయి నిలదీశాను.

"అంతా ఫీడ్‌లోనే పెడితే సైటుకి ఎవురొస్తారవ్వా? ఎవురూ రాకుంటే యాడ్‌లకి డబ్బులెవురిస్తారు? నేనేం తినాల?"

నిజమే కదా! నా చిన్నతనంలో చెరువు తూము ఎత్తే రోజును మస్తానయ్య తప్పెట కొట్టి చాటేవాడు. కోతలయ్యాక కళ్లంలో ఇంటింటివాళ్లూ అతనికి చాటెడు వడ్లు పోసేవాళ్లు. చాటింపు సగంలో ఆపి నూనె అమ్ముకునే ఖర్మ అతనికి పట్టలేదు.

అందుకని వీడితోనూ బేరం పెట్టాను. "కళ్లంలో నీకు బస్తా వడ్లు ఇస్తా నాయనా. ఆ తేదీ ఏందో నోటితో చెప్పు."

వాడు తల గోక్కున్నాడు. "తేదీ ఇంకా తేల్చలేదవ్వా. వార్త చివర్లో ఉండాదే ఆ ముక్క. నువ్వు అందాకా పోలేదా?"

ఏడు ప్రకటనలు దాటి ఎవరు పోగలరు! తేలని సంగతిని మరి ఎందుకు వేశావురా అంటే, నాకు ఓపిగ్గా పాఠం చెప్పాడు. ఈ నెలలో అన్నిటికంటే ఎక్కువమంది తెరిచింది ఆ వార్తేనట.

"తేదీ చెప్పేస్తే ఒకసారి చూసి పోతారవ్వా. చెప్పకపోతే రోజూ వస్తారు."

ఎంత తెలివి! వాడు తెప్పించిన టీ తాగి, మెచ్చుకుని వచ్చాను. రోజూ ఆ వార్త తెరుస్తూనే ఉన్నాను, వాడూ బతకాలి కదా.

ఈ వ్యాపారం అర్థం కానిది నారుకే. ఆగవే అంటే ఆగకుండా మడిలో ముదిరిపోతోంది.