రెండు వేల మూడు వందల పదకొండో మనిషి

పనిచేసే ప్రతి చోటా మనుషుల లెక్క ఒక పెద్ద ప్రధాన సంఖ్య దగ్గర ఆగిపోవాలని నేను గట్టిగా కోరుతున్నాను! నవ్వకండి. ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితో భాగించినా శేషం మిగులుతుందని చిన్నప్పుడు చెవి మెలిపెట్టి నేర్పారే, ఆ సంఖ్యే. అంతకంటే ఆత్మాభిమానం గలది లెక్కల పుస్తకంలో ఇంకొకటి ఉందా?

మా వదిన ఇరవై రెండేళ్లుగా ఒక చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతోంది. ఈమధ్య అక్కడికి కొత్త మేనేజరు వచ్చాడు. అందర్నీ సమానమైన జట్లుగా విడగొడితే పని పరుగెడుతుందని ఏదో ట్రైనింగులో విన్నాడట. హాజరు పట్టీ తీశాడు. 2311 మంది.

రెండుతో భాగించాడు. ఒకరు మిగిలారు. మూడుతో భాగించాడు. ఒకరు. ఐదు, ఏడు, పదకొండు... ఒకరు, ఒకరు, మళ్లీ ఒకరు! పదమూడుతో అయితే ఏకంగా పదిమంది!

ఈ భాగహారాలు సాగిన మూడు రోజులూ ఫ్యాక్టరీ ఎంత హాయిగా ఉందనుకున్నారు? మేనేజరు కాలిక్యులేటరు ముందు నుంచి లేవలేదు. ఎవరి మీదా అరవలేదు. బాత్రూముకు వెళ్లినవాళ్ల వెనక గడియారం పట్టుకుని నిలబడలేదు. ఇంత మేలు ఏ యూనియన్ చేయగలిగింది చెప్పండి!

నాలుగో రోజు అతనికి జ్ఞానోదయమైంది. ఒక్కరిని తీసేస్తే 2310! ఆహా, ఎంత అణకువ గల సంఖ్య! రెండు, మూడు, ఐదు, ఏడు, పదకొండు, దేనితో కోసినా కిక్కురుమనకుండా తెగుతుంది. మరి ఆ ఒక్కరు ఎవరు? అందరిలోకీ పెద్దది, కళ్లజోడు వచ్చినది, మా వదిన.

"మీ మీద కోపమేం లేదమ్మా. లెక్క కుదరడం లేదు, అంతే," అన్నాడట.

"నేను కుదురుస్తాను, ఆ హాజరు పట్టీ ఇటివ్వండి సారూ," అంది వదిన. అందుకుని ఒక్క చూపు చూసింది. "మొట్టమొదట మీ పేరే ఉందే! మీరు ఏ మిషను మీద కుడతారు?"

షెడ్డంతా మిషన్లు ఆపి మరీ నవ్వింది.

వదిన ఉద్యోగం నిలిచింది. మేనేజరు పరువూ నిలవాలి కదా? మర్నాడే తనకొక అసిస్టెంటును వేసుకున్నాడు. 2312! పదిహేడు జట్లు, జట్టుకు 136 మంది. తేడా అన్నది వెతికినా దొరకదు. మేనేజరు, అసిస్టెంటు, ఇద్దరి పేర్లూ వదిన జట్టులోనే పడ్డాయి.

మొన్న సాయంత్రం వదిన మెడ నొక్కుకుంటూ ఇంటికొచ్చింది.

"ఆ ఇద్దరి వాటా కాలర్లు ఎవరు కుడుతున్నారు వదినా?" అని అడిగాను.

"ఇంకెవరు, మేమే. పాపం, వాళ్లకు తీరికేదీ? మా జట్టు ఒక్కటే ఎందుకు వెనకబడిందో తేల్చడానికి పొద్దుట్నుంచీ మీటింగులో కూర్చున్నారు."