బాత్రూమ్‌కి వెళ్ళిన సభ్యురాలు

శుభవార్త వచ్చే సమయానికి కొత్తకోడలు మాడిన రొట్టెముక్కను చాకుతో గీకుతోంది. పెళ్ళయి పంతొమ్మిది రోజులు. ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్‌లు ఒకదానిమీద ఒకటి వాలి ఉండటం కూడా ఆమెకింకా ముచ్చటగానే ఉంది కాబట్టి, మాడిన రొట్టె ఆమె హుషారును ఏమీ చేయలేకపోయింది. ఆ రోజు పెట్టుకున్న పని కూడా చిన్నదే. లిఫ్టులు బాగుచేసే భర్త మధ్యాహ్నం డ్యూటీ దిగి రాగానే ఇద్దరూ వెళ్ళి కిటికీకి కర్టెన్లు కొనాలి. పసుపా, నీలమా అన్న ఒక్క చిక్కే మిగిలింది.

తలుపు కిందినుంచి ఒక కవరు జారి వచ్చింది. ముప్ఫై ఏళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరైన మామగారు దాన్ని నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి చదివారు. ఈ పంతొమ్మిది రోజుల్లో ఆయన నవ్వగా కోడలు చూడలేదు. ఇప్పుడు మీసం కింద ఏదో కదిలింది.

"కొత్త స్టేడియంలో పాతవాళ్ళకి పాత సీట్లే ఇస్తారట. పక్కపక్కన ఉన్నవాళ్ళకి పక్కపక్కనే," అన్నారు.

దానికో షరతు ఉంది. కొత్త స్టేడియం ఎలా ఉండాలో ప్రతి సభ్యుడూ ఫారంలో రాసి, ఆ రోజే పదకొండు గంటలకు ఫుట్‌బాల్ క్లబ్బు హాల్లో స్వయంగా ఇవ్వాలి. కవర్లో రెండు ఫారాలున్నాయి. ఒకటి ఆయన పేరున, రెండోది ఆయన భార్య పేరున. భార్య పోయి రెండేళ్ళయింది.

ఆ మాట ఆయన క్లబ్బు ఆఫీసులో చెప్పలేదు. ఏటా రెండు సభ్యత్వాలూ కొనసాగించారు. మ్యాచ్ ఉన్న రోజు పదిహేడో సీట్లో తను కూర్చుని, పద్దెనిమిదో సీటు మీద ఆవిడ ఆకుపచ్చ స్వెటరు పరిచేవారు. ఆవిడేదని ఎవరైనా అడిగితే, బాత్రూమ్‌కి వెళ్ళింది, ఇప్పుడే వస్తుంది అనేవారు. అలా రెండేళ్ళుగా ఆవిడ బాత్రూమ్‌లోనే ఉంది.

కాసేపటికి ఆయన వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"అమ్మాయ్, నీకు జలుబేమైనా చేసిందా?"

"లేదు మామయ్యా."

"చేస్తే బాగుండేది."

ఆ తర్వాత బాత్రూమ్ సంగతితో సహా విషయమంతా చెప్పారు. మూతికి మాస్కు, తలకు టోపీ, ఒంటికి ఆ స్వెటరు. ఫారం పెట్టెలో వేయాలి, ఒకసారి దగ్గాలి, వచ్చేయాలి. రెండు నిమిషాల పని. మామగారు తననొక సాయం అడగడం ఇదే మొదటిసారి కాబట్టి కోడలికి ఒళ్ళు తెలియలేదు. స్వెటరు చేతులు వేళ్ళను మింగేశాయి, కలరా ఉండల వాసన ముక్కుకెక్కింది. బాగుందా మామయ్యా అని అడిగితే ఆయన ఒక్కసారి చూసి, గోడ వైపు తిరిగి, బాగుంది అన్నారు.

హాల్లో పెట్టె లేదు. ఫారాలు తీసుకున్నావిడ కోడలి గుండెమీద అత్తగారి పేరున్న బిళ్ళ గుచ్చి, అభిప్రాయాలు నోటితో కూడా చెప్పాలమ్మా అని రెండో వరసలో కూర్చోబెట్టింది. పక్క కుర్చీలో మామగారు తన బూట్లను మొదటిసారి చూస్తున్నట్టు చూస్తూ ఉండిపోయారు.

తెరమీద ఇంజనీరు కొత్త స్టేడియం బొమ్మ చూపించాడు. తెల్లగా, ఒలిచిన గుడ్డులా ఉంది. ఎక్కడా ఒక్క స్తంభం లేదు. అదే మొదటి గొడవ. ముప్ఫై ఏళ్ళుగా స్తంభం వెనక సీట్లో కూర్చుని ఎడమవైపు గోలు మాత్రమే చూస్తూ వచ్చిన రిటైర్డు పోస్ట్‌మన్ లేచాడు. ఆయన్ను అందరూ స్తంభం అనే పిలుస్తారు.

"నాకొక్క స్తంభం పెట్టించు బాబూ. మనకి గోల్స్ పడేది కుడివైపు గోల్‌లోనే. అది చూసి తట్టుకునే వయసు కాదు నాది."

పైకప్పు కారిన రోజే తమ టీము గెలిచింది కనుక కొత్త పైకప్పూ అలాగే కారాలని మంగలి అన్నాడు. టీ కొట్టు తన సీటుకు సరిగ్గా నలభై అడుగుల్లోనే ఉండాలని, అంత దూరం నడిస్తేనే టీ తాగే వేడికి దిగుతుందని ఒక నర్సు పట్టుబట్టింది. అసలు కట్టడమే వద్దని వెనకనుంచి ఎవరో అన్నారు. పాత స్టాండు ఏదో ఒక రోజు కూలుతుందని ఇంజనీరు నచ్చజెప్పబోతే, కూలితే మామీదే కదా కూలుతుంది, మీకేం నొప్పి అన్నారు.

క్లబ్బు సెక్రటరీకి చెమటలు పట్టాయి. ఆఖరి వరసలో సిటీ ప్లానింగ్ అధికారి కాలుమీద కాలేసుకుని కూర్చుని ఉన్నాడు. ఐదువందలమంది సభ్యులుంటేనే స్థలం ఇస్తారు. రిజిస్టరులో ఆరువందల పన్నెండు పేర్లున్నాయి. గొడవ పడని మొహం కోసం వెతికిన సెక్రటరీకి ఆకుపచ్చ స్వెటరు కనిపించింది.

"ముప్ఫై నాలుగేళ్ళుగా సభ్యురాలైన ఆవిడ ఉన్నారిక్కడ. పెద్దావిడ మాట విందాం."

కోడలు లేచింది. ఫుట్‌బాల్ గురించి ఆమెకు తెలిసిందల్లా బంతి గుండ్రంగా ఉంటుందనే. మామగారు తల ఎత్తలేదు. గట్టిగా దగ్గి, గొంతు బొంగురు చేసి, తెలిసిన ఒక్క విషయమే చెప్పింది.

"నేను ఎక్కువగా బాత్రూమ్‌లోనే ఉంటానండి. వెళ్ళినవాళ్ళ సీట్లో వేరేవాళ్ళు కూర్చోకూడదు. ఎంత ఆలస్యమైనా సరే. ఆ ఒక్కటీ రాసుకోండి."

ఎవరూ నవ్వలేదు. స్తంభం టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మా తమ్ముడూ బాత్రూమ్‌కే వెళ్ళాడు," అన్నాడు. "ఆరేళ్ళయింది."

"మా నాన్నా అంతే," అన్నాడు మంగలి. నర్సు కళ్ళద్దాలు తుడుచుకుంది. ఊరికి కొత్తవాడైన ఇంజనీరు మాత్రం సంబరంగా పెన్ను తీశాడు. ఇంతసేపటికి అందరూ ఒక్క మాటమీదికి వచ్చారు మరి. అలాంటి సీట్లెన్నో తేలితే బొమ్మలో గుర్తు పెడతాను, సీటుకో చెయ్యి ఎత్తండి అన్నాడు.

చేతులు లేచాయి. కొందరు రెండూ ఎత్తారు. దించండి దించండని సెక్రటరీ సైగ చేస్తున్నాడు గాని, ఆయన రెండో చెయ్యి వాళ్ళమ్మ కోసం అప్పటికే గాల్లో ఉంది.

వెనకనుంచి అధికారి నింపాదిగా లెక్క పూర్తిచేశాడు. "ఆరువందల పన్నెండులో మూడువందల ఎనభైమంది ఒకేసారి బాత్రూమ్‌లో ఉన్నారంటే, మీరు కట్టుకోవాల్సింది స్టేడియం కాదండీ," అన్నాడు. ఏది కట్టుకోవాలో చెప్పకుండానే ఫైలు మూశాడు. మర్నాడు పది గంటలకు పాత గ్రౌండుకు వస్తానని, ఎవరి సీట్లో వాళ్ళు ఉండాలని, ఖాళీగా కనిపించిన సీటును లెక్కలోంచి కొట్టేస్తానని చెప్పాడు. ఐదువందలకు ఒక్కటి తగ్గినా స్థలం లేదు. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డ స్తంభం వైపు ఒకసారి చూశాడు.

"నేను తలలు లెక్కపెడతాను. మొహాలు చూడటం నా డ్యూటీ కాదు."

ఇంటిదారిలో మామగారు నాలుగడుగులు ముందు నడిచారు. రెండు నిమిషాల పనికి వెళ్ళి, ఆయన సీటుతో పాటు క్లబ్బు కొంపే ముంచి వచ్చానని కోడలు కళ్ళు తుడుచుకుంటూ వెనక నడిచింది. వీధి మలుపులో స్తంభం ఆయాసపడుతూ వచ్చి ఆమెను కలిశాడు.

"మీ అత్తగారి గొంతు అంత బొంగురు కాదు తల్లీ. ఆవిడను తీసుకెళ్ళిన రోజు గేటు బయట నేనూ నిలబడ్డాను."

"మరి మ్యాచ్ మ్యాచ్‌కీ ఆవిడేదని మీరంతా మామయ్యను ఎందుకు అడుగుతారు?"

"ఇప్పుడే వస్తుందంటాడు కదా. ఆ మాట వినడానికి."

ముందు నడుస్తున్న మామగారి అడుగు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ సాగింది.

ఇంట్లో భర్త స్టూలెక్కి కిటికీ కొలుస్తున్నాడు. అమ్మ స్వెటరులో లోపలికి వచ్చిన భార్యను చూసేసరికి చేతిలోని టేపు సర్రున చుట్టుకుపోయింది. కోడలు స్వెటరు గుండీలు విప్పబోయింది.

"ఉంచు," అన్నారు మామగారు. రెండేళ్ళుగా ఎవరినీ కూర్చోనివ్వని సీటు అది. ఇప్పుడు ఎవరో ఒకరు కూర్చోకపోతే దక్కదు. ఆయన కుర్చీలో కూలబడి చాలాసేపు బూట్ల ముడి విప్పుతూ ఉండిపోయారు. "రేపు తొమ్మిదిన్నరకు బయల్దేరదాం. నువ్వు పద్దెనిమిదిలో."

"ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి మామయ్యా?"

"వచ్చేసిందని నేను చెబుతాను."

రెండేళ్ళు బాత్రూమ్‌లో ఉన్న మనిషి నలభై ఏళ్ళు చిన్నదై బయటికి వస్తే క్లబ్బులో ఎవరూ ఫిర్యాదు చేయరు. వాళ్ళవాళ్ళనూ అలాగే తీసుకురావాలి కదా.