భీమక్క రక్తం, ఊరి దగ్గు

పొద్దున్నే బస్సెక్కి ఆలూరు దగ్గరి పల్లెకు పోవడం, భీమక్క చేతినుంచి చిన్న గొట్టంలోకి రక్తం తీసుకోవడం, మధ్యాహ్నానికల్లా కర్నూలు ల్యాబుకు చేరడం. మధులత అనుకున్నది అంతే. న్యుమోనియా తెచ్చే బ్యాక్టీరియా పైపొరలో కొన్ని ప్రోటీన్లుంటాయి. వాటిని పసిగట్టి పట్టుకునే యాంటీబాడీలు నిరుడు భీమక్క రక్తంలో అందరికంటే ఎక్కువ కనిపించాయి. ఇప్పటికీ నిలిచాయో లేదో తేలితేనే మధులత పీహెచ్‌డీ గట్టెక్కుతుంది. లేకపోతే ఇన్నేళ్ల చాకిరీ నీళ్లపాలే.

ఆ ఆత్రంలో ముందురోజు ఫోన్ చేసి, "అవ్వా, నీలో దగ్గుజబ్బును తరిమే శక్తి శానా ఉండాది" అని నోరు జారింది.

తీరా వెళ్లేసరికి వాకిలి నిండా దగ్గే పిల్లలు. భీమక్క అరుగుమీద కూర్చుని, ఒక్కొక్కరి నెత్తిన చెయ్యిపెట్టి మంత్రించినట్టు ఊదుతోంది.

"రక్తం ఇయ్యను పాపా. శక్తి తగ్గిపోతే ఈ పిల్లోళ్లకు యాడ దిక్కు?"

"శక్తి ఊపిరిలో కాదవ్వా, రక్తంలో ఉండాది!"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. "అట్లయితే మా పిల్లోనికి ఒగ చుక్క ఇప్పించమ్మా" అంటూ తల్లులు ముందుకు తోసుకొచ్చారు. భీమక్క రెండు చేతులూ కొంగులో దాచేసింది.

ఉత్తచేతులతో తిరిగి వెళ్లే మనిషి కాదు మధులత. అరుగెక్కి గొంతెత్తింది. "ఆ శక్తి మీ అందరిలోనూ ఎంతోకొంత ఉంటాది. ఎవరికెంతో పరీక్ష చేస్తేనే తెలిసేది!"

నిరుడు సూదిని చూసి జొన్నచేలో దాక్కున్న భీమక్క మరిది పుల్లన్న చొక్కా చేయి పైకి మడిచాడు. "మా వదినకంటే నాకు తక్కువుంటాదా? తియ్యమ్మా!"

అతని వెనకే ఊరంతా. మధులత తలెత్తి చూసేసరికి గొట్టాలన్నీ నిండిపోయాయి. పాపం, భీమక్క ముందు ఒక్క పిల్లాడూ లేడు. చిన్నబోయిన ముఖంతో వచ్చి చెయ్యి చాపింది.

"నాది గూడా తీసుకో పాపా. ఆ పుల్లన్నకంటే ఎక్కువని తేల్చు."

ఖాళీ గొట్టం ఒక్కటీ మిగలక మధులతకు ఏడుపొచ్చింది. దిగమింగుకుని, "అట్లయితే ల్యాబుకే పోదాం, బస్సెక్కు అవ్వా" అంది.

సాయంత్రం ల్యాబులో భీమక్క రక్తం గొట్టంలోకి దిగింది. మధులతకు ప్రాణం లేచొచ్చింది. సంగతంతా విన్న ఆమె గైడు, ప్రొఫెసర్ రంగస్వామి మాత్రం మండిపడ్డారు. "సైన్సు చదివి ఊళ్లో మూఢనమ్మకాలు పెంచి వస్తావా?" అని అరవబోయి, దగ్గు తెర అడ్డొచ్చి ఆగిపోయారు.

కాసేపటికి మధులతను గొట్టాలు ఫ్రిజ్‌లో పెట్టి రమ్మని పంపించి, తలుపు దగ్గరగా వేసి, భీమక్క ముందు తల వంచారు.