టేపు చెరిపిన మహానుభావుడికి దండం

బ్రిటిష్ హాస్యానికి అందరికంటే ఎక్కువ మేలు చేసిన మనిషి ఎవరు? నటుడు కాదు, రచయిత అంతకన్నా కాదు. ఒకప్పుడు టీవీ కేంద్రం నేలమాళిగలో కూర్చుని, నిన్నటి నవ్వుల టేపు మీద ఇవాళ్టి గుర్రప్పందేలు ఎక్కించిన గుమస్తా. ఆయన పేరు ఎవరికీ తెలీదు. తెలిస్తే ఊరి నడిబొడ్డున విగ్రహం పెట్టించేవాణ్ణి!

కొత్త టేపులు దొరక్క పాతవి చెరిపేశాడట. అందుకు పెద్దమనుషులు ఇప్పటికీ కళ్లు తుడుచుకుంటున్నారు. ఆయన చెరిపింది చాలలేదని నేనంటాను. నా మాట నమ్మకపోతే మా రేవు ఊరు ఫ్లీట్‌వుడ్‌లో విల్ఫ్రెడ్ టాప్లీకి ఏం జరిగిందో వినండి.

విల్ఫ్రెడ్ చేపల రేవులో ఐసు పగలగొట్టి పగలగొట్టి రిటైరయిన మనిషి. సన్నగా, పొడుగ్గా, తడి గొడుగులా ఉంటాడు. అతని చిన్నప్పుడు టీవీలో 'ఈ వారం ఇంతే' అని ఒక హాస్య కథల మాలిక వచ్చేది. వారానికొక కథ, ప్రతి వారం కొత్త మనుషులు. ఒకసారి పిసినారి ఇంటావిడ, ఒకసారి పన్ను నొప్పి వచ్చిన పళ్ల డాక్టరు. అరగంటలో వాళ్ల పరువంతా గంగలో కలిసిపోవాలి. టీ చల్లారేలోపు కథ ముగిసిపోవాలి. మరుసటి వారం వాళ్ల ఊసే ఉండదు. ఎవరు ఎవరికి సవతి తమ్ముడో గుర్తుపెట్టుకునే బాధ లేదు. అంతకన్నా సుఖం ఇంకేం కావాలి?

మొత్తం ఏడు కథలు. ఆరింటిని డీవీడీలు చేసి అందమైన డబ్బాలో పెట్టి అమ్ముతున్నారు. ఏడో కథ, 'లిఫ్టు', మన గుమస్తా గారి చలవ వల్ల గుర్రాల డెక్కల కింద పడి పోయింది. ఊళ్లో అది గుర్తున్నవాడు విల్ఫ్రెడ్ ఒక్కడే.

అతను చెప్పేది ఇదీ: ఒక శవపేటికల వ్యాపారీ, ఒక కేకుల మేస్త్రీ, మూడంతస్తుల పెళ్లికేకూ లిఫ్టులో ఇరుక్కుంటారు. ఆకలేస్తుంది. పై పంచదార పూత చెక్కుచెదరకుండా, కింద చిల్లు పెట్టి లోపలి కేకంతా తినేస్తారు. తర్వాత పెళ్లికూతురు అందరి ముందూ కత్తి దింపుతుంది. చెయ్యి మోచేతి దాకా లోపలికి పోతుంది. "లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతుంది పెళ్లికొడుకు తల్లి.

విల్ఫ్రెడ్ ఈ కథను 'లంగరు' పబ్బులో చెప్తుంటే ముసలాళ్లు కట్టుడు పళ్లు చేత్తో పట్టుకుని నవ్వేవారు. అతని భార్య నోరీన్ అతన్ని చేసుకున్నదే ఆ కథ విని. పడుచుతనంలో ఆమె చేపల షెడ్డులో పెట్టెలు సర్దేది. ఓ మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర విల్ఫ్రెడ్ మోచేతి దాకా చెయ్యి దింపి చూపిస్తుంటే, నవ్వాపుకోలేక పక్కవాడి సూపులో మొహం పెట్టేసింది.

అంతా బాగానే ఉంది. కానీ లోకంలో మన సుఖం చూడలేని వాళ్లు ఉంటారు కదా. వాళ్లు సంఘాలు పెట్టుకుంటారు.

మా జిల్లాలో పాత హాస్యం కాపాడే సంఘం ఒకటుంది. దాని అధ్యక్షుడు లయొనెల్ బ్రాకెట్. జోకు వినగానే "ఇది ఏ సంవత్సరానిది?" అని అడిగే రకం. ఓ రోజు ఆయన పబ్బులోకి వచ్చి విల్ఫ్రెడ్ చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"టాప్లీ గారూ, శుభవార్త. 'లిఫ్టు' దొరికింది. ప్రెస్టన్‌లో ఓ పాత ఇంజినీరు షెడ్డులో, పెయింటు డబ్బాల వెనకాల ఉందట. శనివారం లైబ్రరీ పైన హాల్లో వేస్తున్నాం. ముందు వరుసలో మీరే."

"దొరికిందా?" అన్నాడు విల్ఫ్రెడ్. ఎవరో పోయారని విన్నవాడి గొంతు అది.

"మొత్తం. ఒక్క నిమిషం కూడా పోలేదు."

ఇంటికెళ్లే దారంతా విల్ఫ్రెడ్ ఆ కథనే తిరగేసుకున్నాడు. అతనికి అబద్ధమాడిన గుర్తు లేదు. లిఫ్టులో వాళ్లు కేకు తిన్నట్టే గుర్తు. కానీ చూసినప్పుడు చిన్నపిల్లాడు, అదీ పిన్ని ఇంట్లో, అది కూడా సోఫా వెనక నుంచి.

"నోరీన్, ఒకవేళ ఆ కథ నేను చెప్పినంత బాగా లేకపోతే?" అన్నాడు రాత్రి భోజనం దగ్గర.

"లేకపోతే ఏమవుతుంది?"

"నన్ను చేసుకున్నందుకు నువ్వు..."

"ఇన్నాళ్లకి గుర్తొచ్చిందా ఆ దిగులు? ఆ బటానీలు ఇటు ఇయ్యి, చల్లారిపోతున్నాయి."

శనివారం హాలు నిండిపోయింది. లంగరు యజమానురాలు క్వీనీ పబ్బు మూసేసి మరీ వచ్చింది. టీ, క్రీము బిస్కెట్లు పంచారు. బ్రాకెట్ ఉపన్యాసం చాలాసేపు సాగింది. ఎట్టకేలకు దీపాలార్పారు.

తెర మీద లిఫ్టు ఆగింది. శవపేటికల ఆయన, కేకుల ఆయన ఒకరినొకరు చూసుకున్నారు. జనం సర్దుకు కూర్చున్నారు.

"ఇవాళ కాస్త మబ్బుగా ఉంది" అన్నాడు కేకుల ఆయన.

"అవును, మబ్బుగానే ఉంది" అన్నాడు రెండో ఆయన.

తర్వాత నగర పాలక సంస్థ చెత్త బండ్ల గురించి మాట్లాడుకున్నారు. ఒకరి బావమరిది మోకాలి గురించి మాట్లాడుకున్నారు. కేకు మూల నిలబడి ఉంది. దాని వంక ఎవరూ చూడలేదు, కనీసం వేలుతో గీకలేదు. చివర్న లిఫ్టు కదిలింది. "మళ్లీ కలుద్దాం" అనుకుని ఎవరి దారిన వాళ్లు పోయారు. పేర్లు పడ్డాయి. పెళ్లి లేదు, కత్తి లేదు, అత్తగారు అసలే లేరు.

దీపాలు వెలిగాయి. అందరూ విల్ఫ్రెడ్ వీపు చూస్తున్నారు. అతను కప్పులో మిగిలిన టీ చూస్తున్నాడు.

బ్రాకెట్ గొంతు సవరించుకున్నాడు. "టాప్లీ గారూ, మరి వాళ్లు కేకు ఎక్కడ తిన్నారు?"

నోరీన్ కోటు గుండీలు పెట్టుకుంటూ లేచింది. ఇంటికి పోదామనే లేచిందనుకున్నాడు విల్ఫ్రెడ్.

"తినలేదు కదా" అంది ఆమె. "అదే వాళ్లు చేసిన తప్పు. ఎదురుగా మూడంతస్తుల కేకు పెట్టుకుని మోకాళ్ల గురించి మాట్లాడుకునేవాళ్లని ఏమనాలి? చెరిపేసినాయనకి బుర్ర ఉంది. మళ్లీ వెతికి తెచ్చినవాళ్ల సంగతే అర్థం కావట్లేదు."

వెనక నుంచి క్వీనీ అందుకుంది. "లైటు తీసెయ్యండయ్యా. విల్ఫ్, బంగారం, నువ్వు చెప్పు. నేను ఇంతదూరం బావమరిది మోకాలి కోసం రాలేదు."

విల్ఫ్రెడ్ లేచాడు. మొదట లిఫ్టు ఆగిన చోటే రెండుసార్లు మొదలెట్టాడు. కేకు లోపలికి చెయ్యి పోయే చోటికి వచ్చేసరికి మామూలు మనిషయ్యాడు. ఆ రోజు పెళ్లికూతురు చెయ్యి భుజం దాకా పోయింది. ఉంగరం లోపలే ఉండిపోయింది. దాని కోసం పాదిరీ గారు తల దూర్చారు. బ్రాకెట్‌కి నవ్వి నవ్వి బిస్కెట్ ముక్క అడ్డం పడింది. ఇద్దరు పట్టుకుని వీపు చరిచారు.

ఇక్కడితో ఆపేస్తే నేను పాఠకులను మోసం చేసినవాణ్ణవుతాను. ఎందుకంటే ఆ హాల్లో ఎవరో ఫోను పైకెత్తి పట్టుకున్నారు.

వారం తిరిగేసరికి ఊరంతా ఆ వీడియో చూసింది. ఎంత సౌకర్యం! పబ్బుకి రానక్కర్లేదు, బీరు కొననక్కర్లేదు, ముసలాయన ఊపిరి తీసుకునేదాకా ఆగనక్కర్లేదు. కావలసినచోట నొక్కి సరాసరి పాదిరీ తల దగ్గరికే వెళ్లిపోవచ్చు.

విల్ఫ్రెడ్ మళ్లీ లంగరులో కథ మొదలెడితే, తర్వాతి మాట అతని కంటే ముందే వాళ్లు అనేవారు. దగ్గాల్సిన చోట దగ్గకపోతే "వీడియోలో ఇక్కడ దగ్గావు కదా" అని గుర్తుచేసేవారు. ఒకరోజు అతను కేకుని నాలుగంతస్తులు చేశాడు. పక్క బల్ల నుంచి బ్రాకెట్ వేలెత్తాడు.

"క్షమించాలి. మూడే. మీ కథనాన్ని మా సంఘం భద్రపరిచింది. అదే ప్రామాణికం."

"కథ నాది కదండీ."

"ఒకప్పుడు మీది. ఇప్పుడది వారసత్వ సంపద. దయచేసి మార్పులు చెయ్యకండి."

విల్ఫ్రెడ్ గ్లాసు కింద పెట్టి ఇంటికొచ్చేశాడు. ఆ తర్వాత లంగరుకు వెళ్లడం మానేశాడు. సాయంత్రాలు కిటికీ దగ్గర కూర్చుని ట్రాములు చూసేవాడు. ఇంట్లో టీవీ పెట్టినా నవ్వే చోట నవ్వేవాడు కాదు. ఓ ఆదివారం భోజనాలయ్యాక నోరీన్ పళ్లేలు కడుగుతూ, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"విల్ఫ్, ఆ మాలికలో ఎనిమిదో కథ ఒకటి ఉండాలి కదూ?"

"ఏడే."

"ఏడే అని వాళ్లంటారు. వాళ్లకేం తెలుసు? నేను నిన్ను అడుగుతున్నాను."

విల్ఫ్రెడ్ ఆమె వీపు వంక చూశాడు. ఆమె పళ్లెం కడుగుతూనే ఉంది, ఎప్పుడో శుభ్రమైపోయిన పళ్లెమే. అతను లేచి వంటగది తలుపు దగ్గరగా వేశాడు. ఆమె ఫోను తీసుకెళ్లి బ్రెడ్డు డబ్బాలో పెట్టి మూత బిగించాడు.

"ఉండేది" అన్నాడు కుర్చీ లాక్కుంటూ. "ఒక క్షురకుడు, ఒక బిషప్పు. బిషప్పుకి సగం గడ్డమే గీశాడు..."

నోరీన్ నవ్వు పక్కింటి దాకా వినిపించింది. ఆ పక్కిల్లు నాదే. మధ్యగోడ పల్చన. మిగతా సగం గడ్డం ఏమైందో నేను మొత్తం విన్నాను.

మీకు మాత్రం రాసిపెట్టను. రాస్తే మీరూ భద్రపరిచేస్తారు.