మా ఇంటి ద్వీపవాస సన్నాహక సంఘం

మనిషి పుట్టిందే దీవిలో బతకడానికని, మిగతా భూభాగమంతా ఆ దీవికి వెళ్లేలోపు కాళ్లు చాపుకునే వెయిటింగ్ రూము మాత్రమేనని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను. ఈ విషయంలో మా ఆవిడకూ నాకూ భేదాభిప్రాయం లేదు. ఆవిడ అభ్యంతరమల్లా నా మీదే.

మా ఆవిడ నర్సు. ఏడాది పొడవునా ఎండా వానా తప్ప మూడో కాలం ఎరగని ఒక దీవిలోని ఆసుపత్రివాళ్లు ఆవిడకు ఉద్యోగం ఇస్తామన్నారు. సముద్రం కనిపించే క్వార్టరు కూడా ఇస్తారట. వస్తారో రారో నెలాఖరులోగా చెబితే చాలన్నారు. నేను ఇంట్లో కూర్చుని కంపెనీలకు నియమావళులు రాసిపెట్టేవాణ్ని కనుక ఏ ఒడ్డునైనా రాయగలను. ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీలు చేసి, పగలు కిటికీ లేని గదిలో నిద్ర కోసం పొర్లాడిన మనిషి ఆవిడ. ఆ కబురు చెబుతున్నప్పుడు ఆవిడ ముఖం వెలిగిపోవడం చూసి నాకు ఎంత సంతోషం వేసిందంటే, అక్కడికక్కడే ఒక సంఘం వేశాను.

సంఘానికి అధ్యక్షుణ్ని నేను. కార్యదర్శినీ నేనే (సమర్థుడు మరొకడు దొరకలేదు). సలహాదారు మా బావమరిది. వాడు జన్మలో సముద్రం చూడలేదు కాబట్టి నిష్పక్షపాతి. మా ఆవిడకు సభ్యత్వం ఇచ్చాం.

"వెళ్దామా, వద్దా? అదొక్కటీ తేల్చండి," అంది మా ఆవిడ మొదటి సమావేశంలోనే.

"అది చివరి అంశం. ముందు దోమల ఉపసంఘం నివేదిక రావాలి," అన్నాను.

"అదెవరు?"

"నేనే అక్కా," అన్నాడు బావమరిది తల గోక్కుంటూ. "ఇంకా కుట్టించుకోవడం మొదలుపెట్టలేదు."

దోమల వెనకే తుఫాన్లు వచ్చాయి. తుఫాన్ల వెనక కొబ్బరికాయ నెత్తిన పడే ప్రమాదం వచ్చింది (హెల్మెట్ రంగు మీద ఏకాభిప్రాయం కుదరలేదు). ఏ పనైనా చేసేముందు చేసినట్టు చేసి చూడాలని నేను ఊళ్లోవాళ్లందరికీ రాసిపెట్టే నియమం ఒకటుంది. దాని ప్రకారం ఇంట్లోనే ద్వీపవాస అభ్యాసం ప్రారంభించాం. బాల్కనీలో ఇసుక పోయించాను. ఫ్యాన్లు ఆపించాను. అలల చప్పుడుకి చెవి అలవాటు పడాలని బాత్రూములో కుళాయి తిప్పి వదిలేస్తే, కింది ఇంటివాళ్లు పైకొచ్చి సముద్రం కట్టేయమన్నారు. డ్యూటీ నుంచి వచ్చిన మా ఆవిడ పక్క మీద ఇసుక దులుపుకుని పడుకుంది. ఒక్క మాట అనలేదు. (అభ్యంతరం లేదని నమోదు చేశాం.)

అభ్యాసంలో ఆఖరి ఘట్టం ఊయలలో ఉద్యోగం. దుప్పటిని బాల్కనీ చువ్వలకు కట్టి, ఒళ్లో కంప్యూటరుతో అందులోకి ఎక్కాను. ముడికి సంఘం ఆమోదం ఉంది గానీ బలం లేదు. నడుం పట్టేసింది.

ఆ సాయంత్రం మా ఆవిడ నా నడుముకు మందు రాస్తూ, "రేపటితో వాళ్ల గడువు అయిపోతుంది," అంది.

"పొడిగించమని రాద్దాం. అధ్యక్షుడు మంచాన పడ్డాడంటే కాదనరు."

"అక్కర్లేదు. పొద్దున్నే చెప్పేశాను."

"ఏమని?"

"ఒక్కదాన్నే వస్తున్నానని."

"మరి నేనో?"

"మీరు సంఘం కదా. సంఘం సంగతి నేనెలా చెప్పగలను?" అని సీసాకి మూత బిగించింది.

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఆవిడ లేని ఇల్లు ఒక్కసారి కళ్లముందు మెదిలింది.

అన్నట్టే వెళ్లింది. గది చిన్నదేనట, కిటికీ మాత్రం గోడంత ఉందట. ఆదమరిచి నిద్రపోతోందట. నేను కోరం లేదని సంఘాన్ని రద్దు చేసి, బాల్కనీ ఊడ్చి, వచ్చే ఓడకే వచ్చేస్తానని ఫోన్ చేశాను. ఉద్యోగి సమ్మతిస్తే భర్త కూడా వచ్చి ఉండవచ్చునని అక్కడ ఒక నియమం ఉందని ఆవిడ చెప్పింది. ఇన్నేళ్ల వృత్తిలో అంత పొట్టి నియమం నేను చూడలేదు. ఆ రోజే దరఖాస్తు పెట్టుకున్నాను.

పరిశీలనలో ఉందని మా ఆవిడ అంటోంది.