అట్ట మీది త్యాగం

ఆ లైబ్రేరియన్‌ని తోటి ఉద్యోగులు 'అట్టల పండితుడు' అంటారు. ఇరవై ఏళ్లుగా పుస్తకాల మధ్యే బతుకుతున్నాడు గానీ, ఆయన చదువంతా వెనక అట్ట మీది నాలుగు వాక్యాలతోనే ముగిసిపోతుంది.

తల్లికి పక్షవాతం వచ్చి రెండు నెలలైంది. పగలు చూసుకునే ఆయా చెప్పాపెట్టకుండా మానేసింది. రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేసే భార్య వారం సెలవు పెట్టింది. వాళ్లింట్లో అత్త మంచం పడితే కోడలే చెయ్యాలి, తాతల నాటి ఆచారం. అంటే ఆవిడ ఉద్యోగం మానెయ్యాలి. అంతవరకూ ఆయనకి అనుమానం లేదు. ఆ మాట ఆవిడ ముందు అనడానికే నోరు పెగల్లేదు.

అందుకని ఉపాయం పన్నాడు. వెనక అట్ట మీద 'మహత్తర త్యాగగాథ' అని ఉన్న నవలలు రెండు ఏరి తెచ్చాడు.

"చదువు. మనసు కరిగిపోతుంది."

"మీది కరిగిందా?"

"నాది... ముందే కరిగిందిలే."

ఆవిడ అత్తగారి మంచం పక్కన కూర్చుని, రెండూ పైకి చదివింది. ఆవిడ గొంతు వణికినప్పుడల్లా పక్క గదిలో ఈయన, రాజీనామా సగం రాసేసినట్టే సంబరపడ్డాడు.

ఆదివారం పొద్దున కాఫీ ఇస్తూ ఆవిడే మొదలెట్టింది.

"రెండూ అయిపోయాయండీ. మొదటిదాంట్లో, ఊరి గోడ కూలకుండా ఏటా ఒక మనిషిని గోడలో పెట్టి కట్టేస్తారు. ఎందుకంటే, ముందు నుంచీ అంతే."

కాఫీ గొంతుకి అడ్డం పడింది. "మరి రెండోది?"

"అందులో ఎవర్నీ లాక్కెళ్లరు. 'నువ్వెంత మంచిదానివో' అని చిన్నప్పట్నుంచీ ఆడపిల్లలకి చెప్తారు. వాళ్లంతట వాళ్లే వెళ్లి, ఊరికి కరెంటు కోసం చచ్చేదాకా చక్రం తిప్పుతారు. నాకు దాంతోనే ఎక్కువ భయమేసింది. మొదటి ఊళ్లో కనీసం అరవడానికైనా వీలుంది."

"కథలే కదే! వాటికీ మనింటికీ పోలికేంటి?"

"నేను మనింటి ఊసే ఎత్తలేదే!"

నాలుక కరుచుకున్నాడు. అప్పటికే లోపల్నుంచి తల్లి పిలిచింది. "ఒరేయ్, ఇలా రా."

మాట ముద్దగా వస్తోంది గానీ, ఆగడం లేదు.

"మీ నానమ్మకి పదకొండేళ్లు చేశానురా. కుట్టుమిషను అటకెక్కించి మరీ చేశాను. మహాతల్లి అన్నారందరూ. రోజూ పొద్దున్నే ఒళ్లు తుడుస్తూ, ఇవాళైనా పోతే బావుణ్ణు అనుకునేదాన్ని. ఒక్కరోజు తప్పకుండా."

గుమ్మంలోకి వచ్చిన కోడలి వైపు చూసింది.

"ఈ పిల్ల నన్ను చూసి అలా అనుకోకూడదు. నువ్వు సెలవు పెట్టు."

"నేనా? నాకేం చేతనవునమ్మా? అసలు మా ఆఫీసరు ఇవ్వొద్దూ!"

"నిన్ననే ఫోన్ చేసి అడిగానండీ," అంది భార్య. "ఆరు నెలలైనా ఇస్తారట. 'ఆయన లేకపోతే ఇక్కడ ఇబ్బందేం లేదమ్మా' అన్నారు."

సోమవారం ఆవిడ ల్యాబ్‌కి వెళ్లిపోయింది. ఆయన వేడినీళ్ల గిన్నె పెట్టుకుని, తల్లిని మెల్లిగా పక్కకి తిప్పాడు. వీపు మీద అరచేతంత పుండు. రెండు నెలలుగా గుమ్మంలోనే నిలబడి "ఎలా ఉందమ్మా?" అనడిగి వెళ్లిపోయిన మనిషికి, ఆ పుండు సంగతే తెలీదు.

గుడ్డ తడిపి పుండు చుట్టూ తుడవడం మొదలెట్టాడు.

"పోతే బావుణ్ణన్న ఆ కోరిక నీకూ పుడుతుంది," అంది తల్లి, గోడవైపు చూస్తూ. "పుట్టిన నాడు నాతో చెప్పు. నాలాగా లోపల దాచుకోకు."

"అదేం మాటమ్మా!" అనబోయాడు. గుడ్డ మళ్లీ వేడినీళ్లలో ముంచి పిండాడు.

"నొప్పిగా ఉందా?" అన్నాడు చివరికి.

"ఉందిరా. చెయ్యి ఆపకు."