మూడు గంటలు చాలన్న ఇల్లు

మా కాలనీకి తెలివి వచ్చిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. కంగారు పడకండి, మనుషులకు కాదు, కరెంటుకు. ఇళ్ల కప్పుల మీద సోలార్ పలకలు, పాత సైకిల్ షెడ్డు నిండా బ్యాటరీలు, గుమ్మానికో స్మార్ట్ మీటరు వెలిశాయి. బయటి లైను పోయినా మా అరవై నాలుగు ఇళ్లూ సొంత కరెంటుతో బతికేస్తాయి. దీన్నే మైక్రోగ్రిడ్ అంటారట. అర్థం కానివాళ్లు ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

బ్యాటరీ తరుగుతుంటే ఏ ఇల్లు ముందు ఆర్పాలో యంత్రమే నిర్ణయిస్తుంది. పక్షపాతం పనికిరాదు కనుక ఇంటికో ఫారం ఇచ్చాం: మీ అత్యవసర వస్తువు ఏది, రోజుకు ఎన్ని గంటలు కావాలి? అధ్యక్షులవారు చేపల తొట్టి అని రాసి, ఇరవై నాలుగు గంటలు అన్నారు. రిటైరైన ప్రిన్సిపాల్ గారు తమ నేమ్‌బోర్డు మీది దీపం రాశారు. అది ఆరితే తామెవరో లోకానికి తెలియదట. కార్యదర్శిగా నేను మసాజ్ కుర్చీ రాశాను. నడుము ఎవరిదైనా నడుమే కదా!

మూలింటి దర్జీ అక్క మాత్రం, "అమ్మకు ఆక్సిజన్ మిషను. మధ్యాహ్నం మూడు గంటలు చాలు" అని రాసింది. పిచ్చితల్లి, నిజం రాసేసింది. మూడు గంటలతో సరిపెట్టుకునే ఇంటికి మిగతా ఇరవై ఒక్క గంటలు అక్కర్లేదని యంత్రం గ్రహించింది. అక్కర తక్కువ కనుక ఆమెను జాబితాలో అరవై నాలుగో స్థానంలో కూర్చోబెట్టింది.

ప్రారంభోత్సవం మధ్యాహ్నం రెండింటికి. గేటు దగ్గర 'నిరంతర విద్యుత్తు' అని మనిషంత అక్షరాలతో వెలుగుల బోర్డు. అధ్యక్షులవారు మైకు అందుకున్నారో లేదో మబ్బు కమ్మింది, ఈదురుగాలి లేచింది, బయటి లైను తెగిపడింది. అయినా బోర్డు రెప్పపాటు కూడా ఆరలేదు. ఆహా, ఏం తెలివి! యంత్రం ఒకే ఒక్క ఇల్లు ఆర్పింది.

దర్జీ అక్క మెడలో టేపుతోనే పరుగెత్తుకొచ్చింది. "సార్, మా అమ్మకి ఊపిరాడట్లేదు! ఒక్క మా ఇంటికే కరెంటు పోయింది!"

"పోయిందనకూడదమ్మా," అన్నాడు యంత్రం బిగించిన కంపెనీ ఇంజనీరు, ట్యాబ్ మీంచి తలెత్తకుండా. "మీ ఇల్లు గ్రిడ్ స్థిరత్వానికి సహకరిస్తోంది. ఇదిగో, తెర మీద అంతా పచ్చగానే ఉంది."

"అక్కడ మా అమ్మ పెదాలు నీలంగా అయిపోతుంటే పచ్చగా ఉందంటారేంటి సార్?"

అధ్యక్షులవారు మైకులోనే ఆమెకు ధైర్యం చెప్పారు. "ఈ మహత్కార్యంలో తొలి త్యాగం ఆ సోదరిదే! గట్టిగా చప్పట్లు!" మేం కొట్టాం.

కొట్టనిది ఒక్కడే, మా పాత లైన్‌మన్ నిచ్చెన బాబాయ్. కరెంటుకు తెలివి వచ్చాక ఆయనతో పనేముందని కుర్చీలు వేయడానికి పెట్టుకున్నాం. "మీ మొహాలు మండ! ముందు ఆ ముసలమ్మ బతకనీండి, చప్పట్లు తర్వాత," అంటూ నిచ్చెన వేసుకుని బోర్డు తీగ ఊడదీశాడు. దాన్ని మూలింటికి లాగి కలిపాడు. ఆక్సిజన్ మిషను గుర్రుమంది, ముసలమ్మకు ఊపిరి అందింది. ఇక్కడ బోర్డు ఆరింది. అతిథుల ముందు మా తల కొట్టేసినట్టయింది.

విచారణ సంఘం మూడు రోజులు కూర్చుని, యంత్రంలో లోపమేమీ లేదని తేల్చింది. మళ్లీ ఫారాలు పంచాం. ఈసారి ఒకటే ప్రశ్న: ఆపత్సమయంలో కాలనీ కోసం మీరు దేన్ని వదులుకోగలరు? అరవై మూడు ఇళ్లు కూడబలుక్కున్నట్టు ఒకటే రాశాయి: నిచ్చెన బాబాయ్‌ని.

దర్జీ అక్క తన కుట్టుమిషను రాసింది. కింద, "బాబాయ్‌ని ఉంచండి" అని కూడా చేర్చింది. దానికి ఫారంలో గడి లేదు కనుక యంత్రం చదవలేదు. కుట్టుమిషనుకు మాత్రం ఆ సాయంత్రమే కరెంటు ఆపింది.

ఈ ఫారం త్వరలో మీ వీధికీ వస్తుందట. తోచకపోతే మాది చూసి రాసుకోండి. చూసి రాసే అవసరం కూడా మీకు ఉండదనుకుంటాను.